కాన్పుకు తోడు వెళ్తున్నారా?

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో సగానికి పైగా గర్భిణులు రాసినవి కావు, వాళ్ల పక్కన నిలబడబోయేవాళ్లు రాసినవి. తోడికోడలు, అక్క, ఏడాది కిందటే కాన్పయిన స్నేహితురాలు... అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాళ్లకే. ప్రసూతి వార్డులో పనిచేసేవాళ్లూ, బాలింతలకు పాలివ్వడం నేర్పేవాళ్లూ కలిసి ఈ జవాబులు రాశారు.

ప్రశ్న: మా తోడికోడలికి 37వ వారం. తొలి కాన్పు. తల్లి లేదు, మా మరిది కువైట్‌లో ఉన్నాడు. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు. “అక్కా, లోపలికి నువ్వే రావాలి” అంటోంది. నాకు ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే. నన్ను లోపలికి రానిస్తారా? వెళ్లి ఏం చేయాలి? (పెద్దాపురం నుంచి ఒక పాఠకురాలు)

రానివ్వాలి. ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక తోడును అనుమతించవచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది. ఆ తోడు బంధువైన ఆడమనిషి అయి ఉండాలి, తనకు కాన్పు అనుభవం ఉంటే మరీ మంచిది. అంటే సరిగ్గా మీలాంటివాళ్లే. జలుబు, దగ్గు లాంటి అంటురోగాలు ఉండకూడదు. ఉతికిన బట్టలు కట్టుకోవాలి. మొదటినుంచి చివరిదాకా ఉండాలి. పక్క మంచంలోని ఆవిడకు సాయం చేయబోకూడదు, సిబ్బంది పనికి అడ్డుపడకూడదు. అయితే ఆసుపత్రిలో చోటు ఇరుకుగా ఉంటే అక్కడికక్కడ కాదనేవాళ్లూ ఉంటారు. కాబట్టి నొప్పులు మొదలయ్యేదాకా ఆగకుండా, ఈసారి చెకప్‌కు మీరూ వెంట వెళ్లి, కాన్పు గది సిస్టర్‌తో “అమ్మ లేదు, నేనే తోడుంటాను” అని ముందే మాట్లాడి ఉంచండి.

సంచి ఇప్పుడే సర్దండి. ఎంసీపీ కార్డు (చెకప్‌ల వివరాలు రాసే తల్లీబిడ్డల కార్డు), ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, రక్త పరీక్షల కాగితాలు, స్కానింగ్ రిపోర్టులు ఒకే కవర్లో పెట్టండి. ముందు బొత్తాలున్న నైటీలు రెండు, పెద్ద ప్యాడ్లు రెండు ప్యాకెట్లు, బిడ్డకు టోపీలు, ఉతికి ఎండలో ఆరేసిన మెత్తని పాత నూలు బట్టలు నాలుగైదు. అవసరమైతే రక్తం ఇవ్వడానికి ఇద్దరి పేర్లు, ఫోను నంబర్లు రాసుకోండి. జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, రానుపోను బండి అన్నీ ఉచితం. డబ్బు కట్టమని ఎవరైనా అంటే రసీదు అడగండి.

నొప్పులు మొదలయ్యాక మీ మొదటి పని గడియారం చూడటం. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. ఒక నొప్పి తగ్గినప్పటి నుంచి ఇంకోటి వచ్చేదాకా లెక్కేస్తారు. అలా కాదు. ఒక నొప్పి మొదలైన నిమిషం నుంచి తరువాతి నొప్పి మొదలైన నిమిషం వరకు లెక్కేయాలి. 4:10కి ఒకటి, 4:15కి ఇంకోటి మొదలైతే ఎడం అయిదు నిమిషాలు. నొప్పి ఎంతసేపు నిలిచిందో పక్కన విడిగా రాయండి. దొంగ నొప్పులైతే ఈ అంకెలు కుదురుగా ఉండవు. ఒకసారి ఏడు నిమిషాలకు, ఇంకోసారి ఇరవైకి వస్తాయి. కాస్త నడిచినా, నీళ్లు తాగి పడుకున్నా సర్దుకుంటాయి. అయిదు నిమిషాలకోసారి వస్తూ, ఒక్కోటి నిమిషం పాటు ఉంటూ, గంటసేపు అలాగే సాగితే బయల్దేరండి. ఆసుపత్రి దూరమైతే ఇంకా ముందే.

మరీ తొందరపడి వెళ్లినా ఇబ్బందే. తొలి కాన్పులో గర్భాశయ ముఖద్వారం అయిదు సెంటీమీటర్లు తెరుచుకునేదాకా చాలా గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి రోజంతా. ఆ సమయమంతా ఆసుపత్రి మంచం మీదే గడిస్తే మనిషి ముందే అలిసిపోతుంది, “ఇంకా కాలేదా?” అన్న మాట మొదలవుతుంది. అయిదు దాటాక తొలి కాన్పుకు సాధారణంగా 12 గంటల లోపు పడుతుంది. ఈ లెక్క ఇంట్లో వాళ్లందరికీ ముందే చెప్పి ఉంచండి. వరండాలో కూర్చున్నవాళ్ల కంగారు లోపలికి పాకుతుంది.

లోపలికి వెళ్లాక, ఆమెను వెల్లకిలా పడుకోనివ్వకండి. నిండు గర్భం బరువు వెన్నెముక పక్కన ఉన్న పెద్ద రక్తనాళం మీద పడి బీపీ తగ్గుతుంది, బిడ్డకు రక్తం తక్కువ అందుతుంది. సిస్టర్ వద్దనకపోతే నడిపించండి. అలసిపోతే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నొప్పి వచ్చినప్పుడు గోడకు చేతులానించి ముందుకు వంగితే చాలామందికి హాయిగా ఉంటుంది. రెండు గంటలకోసారి మూత్రానికి పంపండి. తనంతట తాను అడగదు, నొప్పుల్లో తెలియదు. మూత్రాశయం నిండి ఉంటే బిడ్డ తల కిందికి దిగడానికి అడ్డు. డాక్టరు ఏమీ తినొద్దని చెప్పకపోతే మధ్యమధ్య రెండు గుక్కల కొబ్బరినీళ్లు, మజ్జిగ ఇవ్వండి.

నడుములోనే నొప్పి అంటోందా? పిరుదుల చీలికకు సరిగ్గా పైన, వెన్ను చివర చదునుగా త్రికోణంలా ఒక ఎముక చేతికి తగులుతుంది. మీ అరచేతి మడమను దాని మీద ఆనించి, మోచెయ్యి చాపి, మీ ఒంటి బరువుతో నొక్కండి. పైపైన రుద్దితే లాభం లేదు. నొప్పి మొదలవగానే నొక్కడం మొదలుపెట్టి, అది పూర్తిగా దిగేదాకా చెయ్యి తీయకండి. ఎంత గట్టిగా నొక్కాలో ఆమే చెబుతుంది, చాలాసార్లు మీరనుకున్నదానికంటే గట్టిగానే అడుగుతుంది. కాన్పు గదిలో తోడు చేయగలిగిన మంచి సాయాల్లో ఇదొకటి. ముందే ఇంట్లో ఒకసారి చేసి చూసుకోండి.

ఊపిరి మాటకొస్తే “గట్టిగా పీల్చు” అనకండి. నిదానంగా వదలమనండి, పీల్చినదానికంటే వదలడం ఎక్కువసేపు ఉండాలి. మీరూ ఆమెతో కలిసి వదలండి, చూసి చేస్తుంది. పెదాలు, వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయంటే మరీ వేగంగా పీలుస్తోందని అర్థం. ఇంకో మాట. సిస్టర్ చెప్పకముందే “ముక్కు, ముక్కు” అనొద్దు. ముఖద్వారం పూర్తిగా తెరుచుకోక ముందే ముక్కితే అది వాస్తుంది, అసలు ముక్కాల్సిన వేళకు ఆమెలో శక్తి ఉండదు. బిడ్డ త్వరగా రావాలని పొట్ట పైభాగాన్ని ఎవరైనా బలంగా నొక్కబోతే, “అలా నొక్కకుండా చూడండమ్మా, ఆమెకు ఇష్టం లేదు” అని మర్యాదగానే, కానీ స్పష్టంగా చెప్పండి. ఆ పద్ధతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

నొప్పికీ నొప్పికీ మధ్య విరామం లేకుండా పొట్ట రాయిలా బిగిసి ఉన్నా, రక్తం కారుతున్నా, ఉమ్మనీరు ఆకుపచ్చగా కనిపించినా, తల పగిలిపోతోందనో కళ్లు మసకలనో అన్నా, మలవిసర్జనకు వచ్చినట్టుందని అన్నా, అప్పటికప్పుడు సిస్టర్‌ను పిలవండి. చివరిది చాలామంది పట్టించుకోరు. నిజానికి అది బిడ్డ తల కిందికి దిగిందన్న కబురు.

కాన్పయ్యాక మీ పని అయిపోలేదు. అందరి కళ్లూ బిడ్డ మీదే ఉంటాయి, మీరు తల్లిని చూడండి. మొదటి రెండు గంటల్లోనే అధిక రక్తస్రావం ప్రమాదం ఎక్కువ. ప్యాడ్ పావుగంటలోనే తడిసిపోయినా, నిమ్మకాయంత గడ్డలు పడినా, ఆమె ముఖం పాలిపోయి చెమటలు పట్టినా ఆగకుండా పిలవండి. బిడ్డను తుడిచి తల్లి ఒంటికి ఒళ్లు తగిలేలా రొమ్ము మీద పడుకోబెట్టి, పైన బట్ట కప్పి, గంటసేపు అలాగే ఉంచాలి. బిడ్డ ముఖం పక్కకు తిరిగి ముక్కు కనిపిస్తూ ఉండాలి, గడ్డం గుండెకు ఆనిపోయి ఉండకూడదు. ఆ గంటలోనే ముర్రుపాలు. తేనె, పంచదార నీళ్లు పట్టుకుని ఎవరొచ్చినా వాళ్లను ఆపే బాధ్యత మీదే.

ప్రశ్న: తొమ్మిదో నెలలో బిడ్డ కదలికలు తగ్గడం మామూలేనని మా వదిన అంటోంది. నిజమేనా? (సిద్దిపేట)

నిజం కాదు. చోటు ఇరుకై తన్నడం తగ్గి, దొర్లుతున్నట్టు, ఒత్తినట్టు అనిపించవచ్చు. తీరు మారొచ్చు కానీ లెక్క తగ్గకూడదు. ప్రాణవాయువు సరిపోని బిడ్డ ముందుగా చేసే పని కదలికలు తగ్గించుకుని శక్తి దాచుకోవడం. భోజనం చేసి, ఎడమ పక్కకు తిరిగి పడుకుని, చేయి పొట్ట మీద పెట్టి లెక్కపెట్టండి. రెండు గంటల్లో 10 కదలికలు రావాలి. రాకపోయినా, రోజూ ఉండే తీరు కంటే తక్కువని మీకు అనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రయినా సరే, తీపి తిని తెల్లారేదాకా చూద్దామని ఆగకండి. ఇంట్లో గుండె చప్పుడు వినే చిన్న మెషిన్‌ను నమ్ముకోవద్దు. బిడ్డ ఇబ్బందిలో ఉన్నప్పుడు కూడా చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

ప్రశ్న: ఉమ్మనీరు పోయి నొప్పులు రాకపోతే ఎంతసేపు ఆగొచ్చు? (ఖమ్మం)

ఆగకుండా వెళ్లండి. పోయిన సమయం, రంగు కాగితం మీద రాసుకోండి, అక్కడ మొదట అడిగేది అదే. తెల్లని ప్యాడ్ పెట్టుకుంటే రంగు తెలుస్తుంది. నీరు పోయాక గంటలు గడిచేకొద్దీ లోపలికి ఇన్ఫెక్షన్ పాకే అవకాశం పెరుగుతుంది. ఆకుపచ్చగా ఉంటే బిడ్డ లోపలే మలం విసర్జించిందని అర్థం. మూత్రమా, ఉమ్మనీరా అన్న అనుమానం ఉంటే కొత్త ప్యాడ్ పెట్టుకుని అరగంట పడుకుని లేవండి. లేవగానే భళుక్కున వస్తే ఉమ్మనీరే కావచ్చు. బయటికి తాడులాంటిది కనిపించినా, తగిలినట్టు అనిపించినా దాన్ని ముట్టుకోకండి, లోపలికి నెట్టకండి. మోకాళ్ల మీద వంగి, తల నేలకు ఆనించి, నడుము పైకెత్తి ఉంచి 108కి ఫోన్ చేయించండి. అది బొడ్డుతాడు. బిడ్డ తల బరువు దాని మీద పడకుండా కాపాడేది ఆ భంగిమే.

ప్రశ్న: మా చెల్లెలికి సిజేరియన్ అయి మూడో రోజు. పాలు పడలేదని, బిడ్డ ఏడుస్తోందని అత్తగారు డబ్బాపాలు పట్టించేశారు. ఇప్పుడు రొమ్ము పట్టడం లేదు. నేను నా బిడ్డకు ఏడాదిన్నర పాలిచ్చాను, అయినా ఎలా చెప్పాలో తెలియడం లేదు. (మహబూబ్‌నగర్)

పాలు పుష్కలంగా పడటానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. సిజేరియన్ అయితే ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. మొదటి రోజు బిడ్డకు కావలసింది ఒక్కో పూటకు చెంచా, రెండు చెంచాలే, ఆ కాసిని ముర్రుపాలే సరిపోతాయి. డబ్బాపాలతో పొట్ట నిండితే బిడ్డ నిద్రపోతుంది, రొమ్ము చీకదు. చీకకపోతే పాలు ఊరవు. ఊరలేదని మళ్లీ డబ్బా. చాలా ఇళ్లలో పాలు నిజంగా తగ్గిపోయేది ఈ దారిలోనే. మూడో రోజే కాబట్టి మీకు ఇంకా సమయముంది.

కుట్టు మీద బరువు పడకుండా ఇలా పట్టించండి. చుట్టిన చాపను చంకలో పెట్టుకున్నట్టు, బిడ్డ ఒళ్లు తల్లి చంక కిందికి, కాళ్లు వీపు వైపుకు రావాలి. కింద దిండు వేయండి. తల్లి అరచేయి బిడ్డ మెడ, భుజాల కింద ఉండాలి. తల వెనక నుంచి నొక్కితే బిడ్డ విదిలించుకుంటుంది. చనుమొనను బిడ్డ పై పెదవికి, ముక్కుకు తగిలిస్తూ కాసేపు ఆగండి. ఆవులించినంత నోరు తెరుస్తుంది. ఆ క్షణంలో బిడ్డను రొమ్ము దగ్గరికి తేవాలి, రొమ్మును బిడ్డ నోట్లో కుక్కకూడదు. సరిగ్గా పట్టిందా లేదా చూడండి: గడ్డం రొమ్ముకు ఆనుకుని, కింది పెదవి బయటికి తిరిగి, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కింద కంటే పైన ఎక్కువ కనిపిస్తుంటే పట్టు సరైనది. ముందు గబగబా, తరువాత నిదానంగా చీకుతూ మింగే చప్పుడు వస్తుంది. చనుమొన మాత్రమే నోట్లో ఉంటే తల్లికి చురుక్కుమంటుంది, పగుళ్లు వస్తాయి. అప్పుడు మీ చిటికెన వేలు బిడ్డ నోటి మూలకు దూర్చి పట్టు విడిపించి మళ్లీ మొదలుపెట్టండి, లాగేయకండి.

రోజుకు 8 నుంచి 12 సార్లు, రాత్రులతో సహా. పట్టనంతసేపూ చేత్తో పిండాలి. బొటనవేలు, చూపుడువేలు చనుమొనకు మూడు సెంటీమీటర్ల వెనక పెట్టి, ముందు పక్కటెముకల వైపు నొక్కి, తరువాత రెండు వేళ్లూ దగ్గరికి తేవాలి. చర్మం మీద జార్చకూడదు. వచ్చిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టండి. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె సీసా కంటే వెయ్యిరెట్లు నయం. నీళ్లలో మరిగించి కడగడం తేలిక, బిడ్డ రబ్బరు పీకకు అలవాటు పడదు.

అత్తగారితో వాదించకండి, లెక్క చూపించండి. బిడ్డ మూత్రం మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, అయిదో రోజు నుంచి ఆరుసార్లకు తక్కువ కాకుండా ఉంటే పాలు చాలుతున్నట్టే. నల్లటి మలం నాలుగైదు రోజులకు పసుపు రంగుకు మారాలి. మొదటి రోజుల్లో పుట్టిన బరువులో పది శాతం లోపు తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా తిరిగి రావాలి. ఈ లెక్కలు తప్పినా, పాలకు లేపినా లేవకపోయినా, అరచేతులు అరికాళ్లు పచ్చబడినా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అక్కడ డాక్టరు డబ్బాపాలు రాస్తే కాదనకండి, ఆకలితో ఉంచడం అంతకంటే ప్రమాదం. ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని రోజులు అని మాత్రం అడిగి రాయించుకోండి.

ప్రశ్న: అమ్మకు వీసా రాలేదు. మా అపార్ట్‌మెంట్లలో మూడు తెలుగు కుటుంబాలున్నాం. వాళ్లలో ఒకామెకు వచ్చే నెల కాన్పు, నాకు ఆ తరువాతి నెల. ఎలా పంచుకుంటే బాగుంటుంది? (న్యూజెర్సీ)

“ఏం కావాలన్నా చెప్పండి” అనడం మానేయండి. బాలింత ఎవరినీ అడగదు. పనులు పేర్లతో సహా రాసుకోండి. ఒకరు రోజూ మధ్యాహ్నం డబ్బా పంపాలి: అన్నం, పప్పు, ఆకుకూర, చారు, అదీ తలుపు దగ్గర పెట్టి వచ్చేయాలి, కూర్చోకూడదు. ఒకరు ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా, పాలు పట్టాక బిడ్డను చూసుకుని తల్లిని నిద్రపోనివ్వాలి. పగటి కబుర్ల కంటే ఈ మూడు గంటలు విలువైనవి. బట్టలు, అంట్లు, పెద్దబిడ్డ ఉంటే స్కూలు రెండిళ్లవాళ్లూ పంచుకోవాలి. మీకూ నెలలు నిండుతున్నాయి కాబట్టి బరువులెత్తే పని మీరు తీసుకోవద్దు.

బిడ్డ దగ్గరికి వచ్చేవాళ్లు కోరింత దగ్గు, ఫ్లూ టీకాలు కనీసం రెండు వారాల ముందు వేయించుకోండి. కారు సీటు కాన్పు తేదీకి మూడు వారాల ముందే బిగించి, సరిగ్గా ఉందో లేదో తెలిసినవాళ్లతో చూపించండి. ఇంటికొచ్చాక రెండు మూడు రోజుల్లోనే పిల్లల డాక్టరుకు చూపించాలి, ఎవరు నడుపుతారో ఇప్పుడే అనుకోండి. సిజేరియన్ అయితే బిడ్డకంటే బరువైనది ఏదీ ఎత్తకూడదు.

ఒక చీటీ ఫ్రిజ్ మీద అంటించండి: గంటలో ప్యాడ్ తడిసిపోవడం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, తగ్గని తలనొప్పి, ఒక్క పిక్కలోనే నొప్పి, వాపు, ఆయాసం, గుండెనొప్పి. వీటిలో ఏది కనిపించినా డాక్టరుకు ఫోన్. ఆయాసం, గుండెనొప్పి, మూర్ఛ అయితే నేరుగా 911. మొదటి మాటే “నాకు కాన్పై ఇన్ని రోజులైంది” అని చెప్పాలి. ఆ మాట వినకపోతే తలనొప్పిని మామూలు తలనొప్పిగా తీసుకుంటారు. బీపీ పోటు కాన్పయ్యాక కూడా, ఆరు వారాల లోపు ఎప్పుడైనా రావచ్చు. ఇంట్లో బీపీ మెషిన్ ఒకటి కొని ముగ్గురూ వాడుకోండి. 140/90 దాటితే ఫోన్ చేయాలి. 160/110 చేరితే ఫోన్‌తో ఆగకుండా ఆసుపత్రికే.

ప్రశ్న: పథ్యం పేరుతో నీళ్లు తాగనివ్వడం లేదు, పొట్ట వస్తుందట. (తెనాలి)

పొట్ట నీళ్ల వల్ల రాదు. నీళ్లు తగ్గితే మలబద్ధకం, మూత్రంలో మంట, కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు. బిడ్డకు పాలిచ్చినప్పుడల్లా ఒక గ్లాసు తాగండి, కాచి చల్లార్చిన నీళ్లంటే ఇంట్లో ఒప్పుకుంటారు. మునగాకు, వెల్లుల్లి కారం, శొంఠి వంటల్లో ఉంటే మంచిదే. ఒట్టి అన్నం, కారప్పొడితో నెలంతా గడపడం మాత్రం కూడదు. పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర రోజూ ఉండాలి. మూసిన గదిలో సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరితిత్తులకు హాని. నడికట్టు వదులుగా కట్టుకోవచ్చు, ఊపిరి బిగబట్టేంత బిగిస్తే ఒత్తిడి కిందికి పడుతుంది. ఐరన్ మాత్ర కాన్పయ్యాక కూడా 180 రోజులు వేసుకోవాలి. దానికీ కాల్షియంకూ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. టీతో కాక నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది.

ప్రశ్న: నా స్నేహితురాలికి కాన్పై మూడు వారాలు. బిడ్డ పడుకున్నా తను పడుకోదు. “నేను మంచి తల్లిని కాను” అని ఏడుస్తోంది. పుట్టింట్లో అందరూ “బాలింతలకు ఇవి మామూలే” అంటున్నారు. (కడప)

మామూలు దిగులు మూడో రోజు ప్రాంతంలో మొదలై రెండు వారాల్లో పోతుంది. మూడు వారాలు గడిచాయి, నిద్ర లేదు, తనను తాను నిందించుకుంటోంది. ఇది కాన్పు తరువాత వచ్చే కుంగుబాటు అనే జబ్బు కావచ్చు, దానికి మందుంది. “బిడ్డ ముఖం చూసి సంతోషించు” అనకండి. పక్కన కూర్చుని సూటిగా అడగండి: “నిన్ను నువ్వు ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా? బిడ్డను ఏమైనా చేస్తావేమోనని భయమేస్తోందా?” అడిగినంత మాత్రాన ఆలోచన పుట్టదు, అడిగేవాళ్లు లేకపోవడమే ఆమెను ఒంటరిని చేస్తోంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి. రెండు రాత్రులు నిద్రే లేకుండా ఉత్సాహంగా తిరుగుతున్నా, లేని మాటలు వినిపిస్తున్నాయన్నా అది అత్యవసరం.

కాదంటే ఈ వారంలోనే చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించమని అడగండి, ఆ రెండూ తగ్గినా ఇలాగే ఉంటుంది. రాత్రి ఒక పూట పిండిన పాలు వేరేవాళ్లు పట్టి, ఆమెకు వరుసగా నాలుగైదు గంటల నిద్ర దొరికేలా ఇంట్లో వాళ్లతో మాట్లాడండి. డాక్టరు దగ్గరికి మీరూ వెళ్లండి. పాలిస్తోందన్న మాట ముందే చెప్పండి, పాలు మాన్పించకుండా వాడదగిన మందులున్నాయి. వాడటం మొదలుపెట్టాక గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ వారాల్లో రోజూ ఒకే వేళకు వెళ్లి ఆమె దగ్గర అరగంట కూర్చోండి.